ఆ డ్రమ్ములు వాయించింది ఎవరు?

"హిప్‌హాప్ వాళ్ళకి సంగీతం రాదండీ, పాత పాటల్లోంచి ముక్కలు కోసుకుని వాటి మీద మాటలు చెప్తారు." ఈ వాక్యాన్ని రకరకాల రూపాల్లో చాలామంది నోట విన్నాను. అన్నవాళ్ళకి సంగీతం సాహిత్యం పట్టకపోతే వదిలేసేవాణ్ణి. కానీ వీళ్ళలో చాలామంది మంచి పాఠకులు. టి.ఎస్. ఎలియట్ 1922లో డాంటే నుంచి, షేక్‌స్పియర్ నుంచి, ఉపనిషత్తుల నుంచి ముక్కలు తెచ్చి "వేస్ట్ లాండ్"లో అతికిస్తే ఆధునికత అంటారు. ఏ ముక్క ఎక్కడిదో వెతుక్కోవడమే పాఠకుడి పని అంటారు. బ్రాంక్స్‌లో ఒక నల్లజాతి కుర్రాడు జేమ్స్ బ్రౌన్ రికార్డులోంచి రెండు బార్ల డ్రమ్ములు తీసుకుంటే మాత్రం అది దొంగతనం అయిపోతుంది. ఎలియట్‌కి ఫుట్‌నోట్లు, ఆ కుర్రాడికి కోర్టు నోటీసులు.

నా గొడవ ఈ ఒక్క వర్గంతోనే అయితే వ్యాసం సులువుగా అయిపోయేది. అవతల ఇంకో వర్గం ఉంది. నా వయసువాళ్ళు, హెడ్‌ఫోన్లు తీయనివాళ్ళు. "కళ అంతా రిమిక్సే బాసూ, కాపీరైట్ అనేదే ఒక కుట్ర" అనేస్తారు. వీళ్ళ మాట వినడానికి హాయిగా ఉంటుంది. కాకపోతే ఆ డ్రమ్ములు వాయించినవాడు ఎవరు, అతను ఏమైపోయాడు అని అడిగితే వీళ్ళు కూడా ఫోన్లోకి చూసుకుంటారు.

ముందు "సోమరితనం" అనే ఆరోపణ తేల్చేద్దాం, అది తేలిక. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూలో, చెల్లెలి కోసం ఇచ్చిన పార్టీలో డీజే కూల్ హెర్క్ ఒకటి గమనించాడు. పాటలో గాయకుడూ గిటారూ తప్పుకుని డ్రమ్ములు మాత్రమే మిగిలే ఆ కాసేపు కోసమే జనం ఎదురుచూస్తున్నారు. ఆ కాసేపటినే బ్రేక్ అంటారు. ఒకే రికార్డు కాపీలు రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఇటు అయిపోగానే అటు, అటు అయిపోగానే ఇటు మారుస్తూ ఆ కొద్ది సెకన్లని సాగదీసే పద్ధతి అక్కణ్ణుంచి పెరిగింది. నేను దీన్ని సంగీత విమర్శ అంటాను. మూడు నిమిషాల పాట విని "ఇందులో అసలు సరుకు ఇక్కడుంది" అని వేలు పెట్టి చూపించడం కంటే విమర్శకుడు చేసేది ఏముంటుంది?

తర్వాత మెషీన్లు వచ్చాయి. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే శాంప్లర్‌కి మొత్తం పది సెకన్ల మెమరీ. పన్నెండు బిట్లు. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లు దాటకూడదు. ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళకి ఈ బాధ ఏంటో వెంటనే అర్థమవుతుంది. చోటు చాలక కుర్రాళ్ళేం చేశారంటే, 33 స్పీడు రికార్డుని 45లో తిప్పి గబగబా ఎక్కించేసి, మెషీన్ లోపల మళ్ళీ నెమ్మది చేశారు. అలా చేసినప్పుడు శబ్దానికి ఒక గరుకుదనం వస్తుంది. ఆ గరుకే ఒక తరం హిప్‌హాప్‌కి స్వరం అయింది. మెమరీ కొరతలోంచి ఇంత అందం పుట్టించిన ఇంజనీర్లని నా పదిహేనేళ్ళ ఉద్యోగంలో నేనైతే చూడలేదు.

పీట్ రాక్, సీఎల్ స్మూత్ 1992లో చేసిన "దే రెమినిస్ ఓవర్ యూ" తీసుకోండి. వాళ్ళ స్నేహితుడు ట్రాయ్ డిక్సన్, హెవీ డీ బృందంలో డాన్సర్, 1990లో ప్రమాదంలో చనిపోయాడు. అతని మీద రాసిన ఎలిజీ ఇది. ఇందులో వినిపించే శాక్సఫోన్ టామ్ స్కాట్ అనే జాజ్ సంగీతకారుడిది, 1967 నాటిది. అతను వాయిస్తున్నది తన పాట కాదు. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో రాక్ బ్యాండు అదే ఏడాది విడుదల చేసిన "టుడే" అనే ప్రేమపాట. అంటే తెల్ల హిప్పీల ప్రేమపాట ఒకటి జాజ్ స్టూడియో గుండా ప్రయాణించి, పాతికేళ్ళ తర్వాత న్యూయార్క్ శివార్లలో ఒక నల్లజాతి స్నేహితుడి చావు పాట అయింది. ఆ శాక్సఫోన్‌లో అంత దుఃఖం ఉందని టామ్ స్కాట్ శ్రోతల్లో ఎందరికి తోచి ఉంటుంది? పీట్ రాక్‌కి తోచింది. మన అవధానాల్లో సమస్య ఇచ్చేది పృచ్ఛకుడు. ఆ పాదం అవధానిది కాదు కాబట్టి పద్యమూ అతనిది కాదని ఎవరూ అనరు.

జే డిల్లా సంగతి ఇంకా విచిత్రం. 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజున, "డోనట్స్" విడుదలైంది. మూడు రోజులకి అతను చనిపోయాడు. అరుదైన రక్తవ్యాధి, దానికి తోడు లూపస్. ముప్ఫై ఒక్క చిన్న చిన్న ముక్కల ఆల్బమ్, చాలావరకు పాత సోల్ రికార్డుల్లోంచి కోసి కుట్టింది. అందులో "డోంట్ క్రై" దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఎస్కార్ట్స్ అనే బృందం పాట అది. ఎస్కార్ట్స్ అంటే న్యూజెర్సీ రాహ్‌వే జైల్లో ఖైదీలు కలిసి పెట్టుకున్న సోల్ గ్రూపు. 1973లో వాళ్ళ మొదటి ఆల్బమ్ వచ్చేటప్పటికి ఇంకా జైల్లోనే ఉన్నారు. డిల్లా ముందు వాళ్ళ పాటని దాదాపు ఉన్నదున్నట్టే వినిపిస్తాడు, ఇదిగో ఇదీ నా ముడిసరుకు అన్నట్టు. తర్వాత దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి కొత్త వరసలో పేరుస్తాడు. నువ్వు ఏడిస్తే చూడలేను అనే పాట అది. చావుకి దగ్గరలో ఉన్నవాడి చేతిలో అది ఎవరు ఎవరికి చెప్తున్న మాటగా మారుతుందో విన్నవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. పాడినవాళ్ళకి స్వేచ్ఛ లేదు, ముక్కలు కూర్చినవాడికి ఆయుష్షు లేదు. సంగీతం రానివాడు చేసే పనా ఇది?

నిజమే, చెత్త కూడా బోలెడుంది. పఫ్ డాడీ 1997లో "ఐల్ బీ మిస్సింగ్ యూ" కోసం పోలీస్ బ్యాండు 1983 పాట గిటార్ని అలాగే ఎత్తి పెట్టుకున్నాడు. దాంట్లో కోత లేదు, కుట్టు లేదు, ఆలోచన లేదు. నాకు ఆ పాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అది చెడ్డ శాంప్లింగ్. చెడ్డ నవలలు ఉన్నాయని నవల అనే ప్రక్రియని మనం నిషేధించం కదా.

ఇదే పాటలోంచి దొంగతనం సంగతిలోకి వెళ్ళొచ్చు. ముందుగా అనుమతి తీసుకోలేదు కాబట్టి పబ్లిషింగ్ డబ్బులు స్టింగ్‌కి పోయాయి. ఎందుకంటే రచయితగా కాగితం మీద స్టింగ్ పేరొక్కటే ఉంది. మనకి చెవిలో మోగే ఆ గిటార్ వేళ్ళు మాత్రం ఆండీ సమ్మర్స్‌వి. అంటే "దొంగ" దొరికాడు, జరిమానా కట్టాడు, అయినా ఏ వేళ్ళ పని వాడుకున్నారో ఆ మనిషికి రచయిత వాటా రాలేదు. ఈ ఒక్క ఉదాహరణని పట్టుకుని ఆలోచిస్తే చాలు, కాపీరైట్ చట్టం అనేది మనం ఊహించుకునే "కళాకారుడి హక్కు" కాదని తెలుస్తుంది. అది కాగితం మీద పేరున్నవాడి హక్కు.

సమ్మర్స్ పేరున్నవాడు, ఆయనకి లోటు లేదు. గ్రెగరీ కోల్‌మన్ సంగతి చూడండి. వాషింగ్టన్‌కి చెందిన ద విన్‌స్టన్స్ బ్యాండులో డ్రమ్మర్. 1969లో వాళ్ళ హిట్ పాట రికార్డుకి వెనకవైపు నింపడానికి "ఆమెన్, బ్రదర్" అనే వాద్య సంగీతం చేశారు. అందులో కోల్‌మన్ ఒంటరిగా వాయించిన నాలుగు బార్లు, అటూ ఇటుగా ఏడు సెకన్లు. తర్వాత అవే ఎన్.డబ్ల్యూ.ఏ. "స్ట్రెయిట్ ఔటా కాంప్టన్"లోకి వెళ్ళాయి, లండన్ వెళ్ళి జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే ప్రక్రియలకి పునాది అయ్యాయి. కొన్ని వేల పాటల్లో ఉన్నాయి. కోల్‌మన్ 2006లో అట్లాంటాలో ఇల్లు కూడా లేని స్థితిలో చనిపోయాడు. బ్యాండు నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి కూడా రాయల్టీ రాలేదు. 2015లో అభిమానులు ఆన్‌లైన్లో చందాలు వేసి ఆయనకి 24,000 పౌండ్లు ఇచ్చారు. ఒక సంగీత సామ్రాజ్యం తన పునాది రాయికి కట్టిన అద్దె అది.

క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కథా ఇంతే. టెనెసీలో చాటనూగాలో ఫ్యాక్టరీల చప్పుడూ రైళ్ళ చప్పుడూ వింటూ లయ నేర్చుకున్న మనిషి. జేమ్స్ బ్రౌన్ "ఫంకీ డ్రమ్మర్"లో పాట పేరే అతని గురించి. రచయిత క్రెడిట్ మాత్రం జేమ్స్ బ్రౌన్‌ది. పబ్లిక్ ఎనిమీ "ఫైట్ ద పవర్" నుంచి మొదలుపెట్టి అతని డ్రమ్ములు లేని హిప్‌హాప్ ఊహించలేం. 2017లో పోయేవరకూ ఆ శాంపిళ్ళ మీద అతనికి హక్కు అనేది ఏదీ లేదు.

ఇక్కడ మొదటి వర్గం ఉత్సాహంగా లేస్తుంది: "చూశారా, మేం చెప్పిందే, దొంగలు!" కాస్త కూర్చోండి. స్టబుల్‌ఫీల్డ్‌ని ముందు వదిలేసింది రాపర్లు కాదు. అతనికి ఆ రోజు కూలీ ఇచ్చి పంపేసిన రికార్డు వ్యాపారం. అమెరికాలో 1972 ఫిబ్రవరి 15 దాకా రికార్డింగ్‌కి ఫెడరల్ కాపీరైట్ అనేదే లేదు. రాసిన పాటకి హక్కు ఉంది, వాయించిన శబ్దానికి లేదు. నోట్ల మీద పెట్టేది స్వరకల్పన, డ్రమ్ము మీద వాయించేది కూలిపని అనే అవగాహన అది. మామూలు రేడియోలో ఇప్పటికీ అదే నడుస్తోంది. అరీతా ఫ్రాంక్లిన్ "రెస్పెక్ట్" ఒక ఎఫ్ఎం స్టేషన్లో వేస్తే డబ్బులు ఆ పాట రాసిన ఓటిస్ రెడింగ్ వైపు పోతాయి. అరీతాకి పైసా రాదు. ఆ పాటని పాటగా మార్చిన గొంతుకి పైసా రాదు! దశాబ్దాలుగా మొత్తం పాటలు ఉచితంగా వేసుకున్న రేడియోని ఎవరూ దొంగ అనలేదు. నాలుగు బార్లు తీసుకున్న కుర్రాణ్ణి అన్నారు.

అన్నది మామూలు మనుషులు కూడా కాదు. 1991లో బిజ్ మార్కీ కేసులో న్యూయార్క్ న్యాయమూర్తి కెవిన్ డఫీ తన తీర్పుని బైబిల్ పది ఆజ్ఞల్లో దొంగతనం మీద ఉన్న ఆజ్ఞతో మొదలుపెట్టాడు. క్రిమినల్ కేసు పెట్టే విషయం పరిశీలించమని ప్రాసిక్యూటర్‌కి పంపాడు కూడా. బిజ్ మార్కీ తర్వాతి ఆల్బమ్‌కి "ఆల్ శాంపిల్స్ క్లియర్డ్!" అని పేరు పెట్టుకున్నాడు, కనీసం నవ్వుకోవడానికి. ఆ తర్వాత బ్రిడ్జ్‌పోర్ట్ మ్యూజిక్ అనే పబ్లిషింగ్ కంపెనీ, దాని తోటి సంస్థలు కలిసి 2001లో సుమారు 800 మంది ప్రతివాదుల మీద దాదాపు 500 అభియోగాలతో దావా వేశాయి. వాటిలో ఒక కేసు ఫంకడెలిక్ పాటలోంచి తీసుకున్న రెండు సెకన్ల గిటార్ ముక్క గురించి. రెండు సెకన్లయినా సరే, గుర్తుపట్టలేనంత మార్చినా సరే, లైసెన్సు తీసుకో లేదా ముట్టుకోకు అని ఆరో సర్క్యూట్ కోర్టు 2005లో తేల్చింది. ఫంకడెలిక్ నాయకుడు జార్జ్ క్లింటన్ ఏమో తన పాటల హక్కుల కోసం ఆ బ్రిడ్జ్‌పోర్ట్‌తోనే ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోట్లాడుతున్నాడు. 2016లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు, మడోనా "వోగ్" కేసులో, 0.23 సెకన్ల హార్న్ ముక్కకి అంత రాద్ధాంతం అక్కర్లేదని ఉల్టా చెప్పింది. అంటే మీ రెండు సెకన్లు నేరమా కాదా అన్నది మీరు కేసు ఎదుర్కొనే ఊరుని బట్టి ఉంటుంది.

ఇన్ని తీర్పుల వల్ల కోల్‌మన్‌కి ఇల్లు వచ్చిందా? రాలేదు. జరిగింది వేరే. 1988-89లో పబ్లిక్ ఎనిమీ, డి లా సోల్ చేసినట్టు ఒక్క పాటలో డజను రికార్డులు పేర్చే పద్ధతి దాదాపు చచ్చిపోయింది, ఎందుకంటే డజను లైసెన్సులు కొనే స్తోమత ఎవరికుంది? శాంపిల్ కొనుక్కోగలిగినవాడి సొత్తు అయింది. డి లా సోల్ "త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్" 1989లో వచ్చింది. పాత శాంపిల్ ఒప్పందాల చిక్కులతో, లేబుల్‌తో తగాదాలతో స్ట్రీమింగ్‌లోకి రావడానికి 2023 మార్చి 3 దాకా పట్టింది. ఆ ముగ్గురిలో ఒకడైన ట్రుగోయ్, అసలు పేరు డేవిడ్ జొలికోర్, దానికి పంతొమ్మిది రోజుల ముందు చనిపోయాడు.

లైసెన్సు ఉంటే అంతా న్యాయమే అనుకునేవాళ్ళకి "బ్లడ్ ఆన్ ద లీవ్స్" వినిపించాలి. కాన్యే వెస్ట్, 2013. (అతని రాజకీయాల గురించి ఇక్కడ మాట్లాడను, ఆ చెత్తకి వేరే వ్యాసం కావాలి.) నల్లవాళ్ళని చెట్లకి ఉరితీసిన లించింగుల మీద ఏబెల్ మీరోపోల్ రాసిన, బిల్లీ హాలిడే 1939లో పాడిన "స్ట్రేంజ్ ఫ్రూట్"ని నీనా సిమోన్ గొంతులో తీసుకుని, దాని మీద తన తెగిపోయిన సంబంధాలు, భరణాల గోల చెప్పుకున్నాడు. క్రెడిట్లు పద్ధతిగా ఉన్నాయి. నాకు మాత్రం చట్టం "దొంగతనం" అన్న ఎన్నో పాటల కంటే ఇది పెద్ద అపచారంగా అనిపిస్తుంది. చనిపోయినవాళ్ళ మీద జరిగిన ఆ అపచారాన్ని పట్టుకునే సెక్షన్ ఏ కాపీరైట్ చట్టంలోనూ లేదు.

అదే కాన్యే వల్లే నాకు రే చార్లెస్ తెలిశాడు, ఆ సంగతీ చెప్పాలి. ఇంజనీరింగ్ హాస్టల్లో డీసీ++లో దొరికిందల్లా దించుకునే రోజుల్లో "గోల్డ్ డిగ్గర్" విని, ఆ వెనక గొంతు ఎవరిదా అని వెతికితే రే చార్లెస్ 1954 పాట దొరికింది. దాని వెనక్కి వెళ్తే సదరన్ టోన్స్ అనే బృందం పాడిన యేసు స్తుతి. చర్చి పాటలో యేసు ఉండే చోట రే చార్లెస్ ఒక ఆడమనిషిని పెట్టాడు. దాన్ని సోల్ సంగీతం పుట్టుక అని పుస్తకాల్లో రాశారు. రాక్ అంతే. లెడ్ జెపెలిన్ "వెన్ ద లెవీ బ్రేక్స్" 1927 మిసిసిపీ వరద మీద మెంఫిస్ మిన్నీ, కాన్సస్ జో 1929లో పాడిన బ్లూస్ పాట. "హోల్ లాటా లవ్" కోసం విల్లీ డిక్సన్ 1985లో దావా వేస్తే గానీ పేరు ఇవ్వలేదు. లండన్ కుర్రాళ్ళు మిసిసిపీ నుంచి తీసుకుంటే "ప్రభావం" అనే మర్యాదైన మాట సిద్ధంగా ఉంటుంది. బీస్టీ బాయ్స్ 1986లో ఆ "లెవీ" డ్రమ్ములనే తిరిగి తీసుకున్నప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

మనదాకా వస్తే మన ముఖం కూడా కనిపిస్తుంది. 2002లో "అడిక్టివ్" అనే అమెరికన్ పాటలో లతా మంగేష్కర్ గొంతు, బప్పీ లహిరి బాణీ అనుమతి లేకుండా వచ్చినప్పుడు, బప్పీ పేరు వేసేదాకా అమ్మకాలు ఆపమని కోర్టు చెప్పింది. సంతోషించాం. "దళపతి" పాటని 2007లో ఎం.ఐ.ఏ. వాడుకుంటే ఇళయరాజా ప్రపంచానికి వినిపించాడని గర్వపడ్డాం. కానీ ఆ పాటల్లో డోలక్ వాయించింది ఎవరు? మద్రాసు స్టూడియోల్లో మన తెలుగు పాటలకి వయొలిన్, తబలా వాయించినవాళ్ళ పేర్లు ఎన్ని క్యాసెట్ల మీద చూశారు మీరు? రెహ్మాన్ కవర్ల మీద ఆ పేర్లు కనిపించడం మొదలైనప్పుడు అదొక వింతలా ఉండేది. 2012 సవరణ వచ్చేదాకా మన రచయితలకీ, సంగీత దర్శకులకీ కూడా రాయల్టీ వదులుకోకుండా ఉండే రక్షణ లేదు. ఇక డోలక్ మనిషిని ఎవరు అడుగుతారు?

అందుకే రెండో వర్గం "అంతా ఫ్రీ" నినాదం నాకు పనికిరాదు. మా ఉద్యోగాల్లో రోజూ వేరేవాళ్ళ కోడ్ మీదే బతుకుతాం. ఎంఐటీ లైసెన్సు ఉన్న చిన్న లైబ్రరీ వాడినా రాసినవాడి కాపీరైట్ నోటీసు తీసేయకూడదు. అనుమతి అడగక్కర్లేదు, పేరు మాత్రం ఉంచాలి. ఎవరో ముక్కూమొహం తెలియని ప్రోగ్రామర్‌కి ఇచ్చే ఆ మర్యాద కోల్‌మన్‌కి ఇవ్వలేదు, అదీ ఇన్ని వేల పాటల్లో.

నేను అడిగేది గాలిలో మేడ కాదు. అమెరికాలో ఒకసారి విడుదలైన పాటని మొత్తం మళ్ళీ పాడుకోవాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. చట్టం నిర్ణయించిన రేటు కడితే చాలు. 1909 నుంచీ ఉన్న పద్ధతి. మొత్తం పాటకి అనుమతి అక్కర్లేదు గానీ రెండు సెకన్లకి కావాలి! శాంపిల్‌కి కూడా అలాంటి స్థిరమైన రేటే పెట్టండి, వచ్చే ఆదాయంలో ముక్క పొడవుని బట్టి వాటా. పేరు తప్పనిసరి. ఇలా అయితే "స్ట్రేంజ్ ఫ్రూట్"ని ఎవడైనా ఎలాగైనా వాడుకుంటాడు కదా అంటారు. వాడుకుంటాడు. ఇప్పుడు కూడా వాడుకున్నాడు, డబ్బున్నవాడు కాబట్టి. అలాంటి పాటని చీల్చి చెండాడటం మనలాంటి విమర్శ రాసేవాళ్ళ పని, లేబుల్ లీగల్ డిపార్ట్‌మెంట్ పని కాదు.

ఆ డబ్బు వాయించినవాడి దాకా ఎలా వెళ్తుందంటే, దానికీ నమూనా ఉంది. ఇంటర్నెట్ రేడియో మీద వచ్చే రాయల్టీని సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ పంచుతుంది. 50 శాతం హక్కుదారుకి, 45 శాతం ముఖ్య కళాకారులకి, 5 శాతం పేరు బయటికి రాని వాద్యకారులకీ కోరస్ గాయకులకీ. బ్యాండు సభ్యుడు కాబట్టి కోల్‌మన్ ఆ 45లోకి వచ్చేవాడు. జీతగాడు కాబట్టి స్టబుల్‌ఫీల్డ్ ఆ 5లోకి వచ్చేవాడు. ఐదు చాలా తక్కువ, పెంచమని కొట్లాడొచ్చు. ప్రస్తుతం శాంపిళ్ళ మీద ఆ అంకె సున్నా.